క్యారేజీ దాచుకుని ఇంటికి వచ్చే మనిషి

గత ఏడాది ఆగస్టులో మా తమ్ముడు, నెల రోజులుగా నిద్ర పట్టడం లేదని గుంటూరులో ఒక మానసిక వైద్యుణ్ణి కలిశాడు. తోడుగా నేనూ వెళ్ళాను. ఆయన ఓపికగానే అడిగారు. ఉద్యోగం ఉందా అంటే ఉంది, ఒక ప్రైవేటు బ్యాంకులో క్యాషియరు. అప్పులు లేవు. ఇంట్లో తగాదాలు లేవు, పిల్లల చదువు సాఫీగానే సాగుతోంది, తాగుడు అలవాటు లేదు. ఎక్కడా చిక్కు కనబడకపోయేసరికి ఆయన కాసేపు ఆలోచించి, ఆందోళన తగ్గడానికి మాత్రలు రాసి, పొద్దున్నే ఓ అరగంట నడవమని చెప్పి పంపించారు. బయట ఆటో కోసం నిలబడినప్పుడు తమ్ముడు, డాక్టరుకు చెప్పని మాట ఒకటి నాకు చెప్పాడు. "క్యారేజీ బ్యాగులో అడుగున పెట్టుకుని వస్తున్నానక్కా. చేతిలో పట్టుకుని వీధిలోకి రాలేకపోతున్నాను."

అతను ఇప్పటికీ మేం పుట్టి పెరిగిన ఇంట్లోనే ఉంటాడు. పేట పేరు రాయడం లేదు. ఆ పేరు మీద ఇప్పటికే ఉన్న భారం చాలు. మా చిన్నప్పుడు అక్కడ పొద్దు మిల్లు కూతతో మొదలయ్యేది. మా నాన్నగారు క్యారేజీ చేత్తో పట్టుకుని, మరో పదిమందితో మాట్లాడుకుంటూ షిఫ్టుకు వెళ్ళేవారు. సాయంత్రం అదే క్యారేజీ ఖాళీగా మోగుతూ ఇంటికి వచ్చేది. మిల్లు మూతపడి పదేళ్ళు దాటింది. నాన్నగారి వెనక నడిచిన మనుషులు, వాళ్ళ కొడుకులు, మా తమ్ముడితో గోలీలాడిన వాళ్ళు ఇప్పుడు సాయంత్రం ఆరున్నరకు అరుగుల మీద కూర్చుని ఉంటారు. వాళ్ళలో ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. "వచ్చావా బాబూ" అని మాత్రమే అంటారు. ఆ పలకరింపుల మధ్య నుంచి ఇస్త్రీ చొక్కాతో, క్యారేజీతో నడిచి రావడం అతనికి తప్పు చేసినట్టుగా ఉంటోంది.

ఆ వైద్యుణ్ణి నేను తప్పుపట్టడం లేదు. అడగవలసినవన్నీ అడిగారు. చీటీ మీద చిరునామా కూడా రాసుకున్నారు, అయితే దాన్ని చిరునామాగానే రాసుకున్నారు. రోగం గురించి అడిగే ప్రశ్నల్లో అది చేరలేదు. నిరుద్యోగం ఉద్యోగం లేని మనిషికీ అతని ఇంటికీ సంబంధించిన కష్టమని మనం అనుకుంటున్నాం. అది వీధి మొత్తానికీ సోకే కష్టమనీ, ఆ వీధిలో ఉద్యోగం ఉన్నవాడి నిద్రను కూడా చెడగొడుతుందనీ, కాబట్టి మందు ఒక్కొక్క మనిషికి విడివిడిగా వేస్తే సరిపోదనీ చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను, వైద్యురాలిని కాను. చూసినదీ, చదివినదీ కలిపి చెబుతున్నాను.

నీరసం

మా పేటలో ముప్పై ఏళ్ళుగా ఒక ఆర్‌ఎంపీ ఉన్నారు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగుదురు. తమ్ముడి విషయం తర్వాత ఆయన దగ్గరకు వెళ్ళి, వీధిలో నిద్ర పట్టని వాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారని అడిగాను. "నిద్ర పట్టడం లేదని ఎవరూ రారమ్మాయ్, నీరసం అని వస్తారు" అన్నారు. నీరసం, గ్యాసు, గుండె దడ, ఒళ్ళు నొప్పులు. బలానికి సెలైను పెట్టమంటారు. ఆ సీసా ఎక్కుతున్న గంటసేపు ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటారు. మన భాషలో దిగులు, బెంగ అనే మంచి మాటలున్నాయి గానీ, బెంగగా ఉందని చెప్పి వైద్యుడి ముందు కూర్చునే మగవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అందుకే బెంగ మా పేటలో నీరసం పేరుతో తిరుగుతోంది.

ఆయన చెప్పిన రెండో మాట నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నీరసం వాళ్ళు ఏ నెలల్లో ఎక్కువ వస్తారని అడిగితే, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా "యార్డు లేని నెలల్లో" అన్నారు.

గుంటూరు వాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి అమ్మే మార్కెట్ యార్డు నిండా టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే. మిల్లు పోయాక మా పేట మగవాళ్ళలో చాలామంది బస్తాలు మోసే ముఠా పనికి, లారీల లోడింగుకు, కోల్డు స్టోరేజీలకు మళ్ళారు. ఆడవాళ్ళు తొడిమలు తీసే పనికి వెళతారు. ఆ మూడు నెలలూ ఒంటికి నిజమైన కష్టం. ఘాటుకు దగ్గులు, కళ్ళ మంటలు, చేతుల మంటకు రాత్రి నీళ్ళలో వేళ్ళు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళు. మే నెలలో యార్డుకు వేసవి సెలవులిస్తారు. ఆ తర్వాత కోల్డు స్టోరేజీ సరుకు ఉన్నా, పని ముందులా అందరికీ దొరకదు. వానలు పట్టేసరికి తాపీ పని కూడా తగ్గి, కూలీలు పని కోసం నిలబడే అడ్డా మీద మనుషులు మిగిలిపోతారు.

ఒళ్ళు హూనమయ్యే నెలల్లో నీరసం తగ్గి, ఒంటికి విశ్రాంతి దొరికే నెలల్లో పెరుగుతోందంటే ఆ నీరసం ఒంటిది కాదు. అంతకంటే ముఖ్యమైన విషయం ఏమిటంటే, మనుషులు వాళ్ళే, ఇళ్ళు అవే, మురుగు కాలువా అదే. మారేది పని ఒక్కటే. సీజనులో మా వీధిలో రాత్రి ఎనిమిదికి పిల్లల అరుపులు వినిపిస్తాయి. ఆగస్టులో అదే వేళకు పెద్దవాళ్ళ అరుపులు వినిపిస్తాయి. తమ్ముడికి నిద్ర చెడిపోవడం మొదలైంది కూడా జూలైలోనే. అతని ఉద్యోగానికి సీజను లేదు, నెల జీతం ఏ నెలలోనూ ఆగలేదు. అయినా వీధి క్యాలెండరే అతని ఒంట్లోనూ నడుస్తోంది.

2019లో ఇసుక దొరకక నిర్మాణ పనులు నెలల తరబడి ఆగినప్పుడు, మరుసటి మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇదే సంగతి మరింత తీవ్రంగా కనిపించింది. అప్పుడు పని లేకపోవడం ఊరంతటికీ ఒకేసారి తెలిసిన కష్టం గనుక బియ్యం పంచేవాళ్ళు, పలకరించేవాళ్ళు ఉన్నారు. ఏటా జూలైలో వచ్చే కష్టం ఎవరికీ వార్త కాదు.

మారియెంథాల్‌లో గడియారం పట్టుకున్నవారు

ఇదంతా నా ఊహేమోనన్న అనుమానంతో వెతుకుతుంటే, తొంభై ఏళ్ళ నాటి ఒక పరిశీలన కంటబడింది. ఆస్ట్రియాలో, వియన్నాకు దగ్గరలో మారియెంథాల్ అనే ఊరు ఉంది. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీద బతికేది. 1930 నాటికి ఆ మిల్లు మూతపడింది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ జైజల్, వారి సహచరులు ఆ ఊళ్ళోని 478 కుటుంబాల జీవితాన్ని దగ్గరగా పరిశీలించి 1933లో ప్రచురించారు. ఉద్యోగం పోయిన మనిషిని గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగి వాళ్ళు ఊరుకోలేదు. ఊరినే పరీక్షించారు. చేతిలో గడియారం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, వీధిలో మనుషులు ఎంత వేగంగా నడుస్తున్నారో, దారిలో ఎన్నిసార్లు ఆగుతున్నారో రాసుకున్నారు. వెళ్ళవలసిన చోటు లేని మగవాళ్ళు నెమ్మదిగా నడుస్తూ మాటిమాటికీ ఆగేవారు. ఆడవాళ్ళు మాత్రం త్వరత్వరగానే నడిచేవారు, ఇంటి పని వాళ్ళను వదలలేదు గనుక.

గ్రంథాలయం సంగతి నన్ను ఇంకా కలవరపెట్టింది. చేతినిండా సమయం ఉంది, పుస్తకాలకు కట్టవలసిన రుసుము కూడా ఎత్తివేశారు. అయినా రెండేళ్ళలో తీసుకువెళ్ళే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. డబ్బు లేక తిండి తగ్గడం ఎవరికైనా అర్థమవుతుంది. ఉచితంగా దొరికే పుస్తకం ఎందుకు తగ్గింది? యహోదా తర్వాతి రచనల్లో దీనికి సమాధానం వెతికారు. పని మనిషికి కూలి ఒక్కటే ఇవ్వదు. రోజుకు ఒక వరస ఇస్తుంది, ఇంటి బయటి మనుషులను ఇస్తుంది, నలుగురూ కలిసి చేసేదాంట్లో చోటు ఇస్తుంది, ఫలానా వాడు అనిపించుకునే గుర్తింపు ఇస్తుంది, ఊరికే ఉండనివ్వదు.

చదువుతున్నంతసేపూ మా మిల్లు కూతే వినిపించింది. ఆ కూత మిల్లులో పనిచేసేవారి కోసం మోగినా, మా అమ్మ అన్నం వార్చే వేళ, బడి పిల్లల వేళ, కిళ్ళీ కొట్టు తెరిచే వేళ అన్నీ దాన్నిబట్టే ఉండేవి. అది ఆగినప్పుడు ఉద్యోగాలు పోయింది కొన్ని వందల మందికి, వేళలు పోయింది పేటంతటికీ. మనం పని లేని మనిషిని ‘ఖాళీగా ఉన్నాడు’ అంటాం. గిన్నెకూ, ఇంటికీ, మనిషికీ అదే మాట. మిల్లు పోయాక ఖాళీ అయింది వీధి.

సిగ్గు తగ్గితే బాధ తగ్గినట్టేనా?

ఇంతవరకు రాసినదానికి ఎదురుగా నిలబడే వాదన ఒకటి ఉంది. దాన్ని దాటవేయకూడదు. అందరికీ పని లేని చోట పని లేకపోవడం అంత అవమానం కాదు కదా? బ్రాడీపేటలో ఉద్యోగం లేని ఒక్క కుర్రవాడు పడే నామోషీ, మా పేటలో పదిమందిలో ఒకడిగా ఉన్నవాడికి ఉండకపోవచ్చు. ఇది ఊహ మాత్రమే కాదు. ఆండ్రూ క్లార్క్ అనే ఆర్థికవేత్త బ్రిటన్ కుటుంబాల సర్వే ఆధారంగా 2003లో ప్రచురించిన పరిశోధనలో సరిగ్గా ఇదే తేలింది. తమ ప్రాంతంలోనో, ఇంట్లోనో నిరుద్యోగం ఎక్కువగా ఉన్నప్పుడు, నిరుద్యోగుల మనోస్థితి మిగతా చోట్ల ఉన్నంత కుంగి ఉండదు.

ఇది చదివి కొన్ని రోజులు నా వాదన వదులుకున్నాను. నిజానికి మా పేటలోనూ అలాంటిది చూశాను. మిల్లు మూతపడిన మొదటి ఏడాది మగవాళ్ళు ఇళ్ళలో దాక్కున్నారు. అప్పుడు సిగ్గు ఉంది. తర్వాత ఒక్కొక్కరే అరుగుల మీదికి వచ్చారు. చీట్ల పేక వచ్చింది, నవ్వులు వచ్చాయి. బయటివారెవరైనా చూస్తే హాయిగానే ఉన్నారనుకుంటారు.

అదే పరిశోధనలో ఉన్న మరో సంగతి మళ్ళీ చదివాక నా మనసు మారింది. పని పోయినప్పుడు మనసు ఎక్కువగా కుంగినవారే తొందరగా మళ్ళీ పనిలో చేరుతున్నారు. అంటే నొప్పి తగ్గిన చోట వెతుకులాట కూడా తగ్గుతోంది. మారియెంథాల్‌లోనూ ఎక్కువ కుటుంబాలు ఆగ్రహంతో గానీ ఘోరమైన నిరాశతో గానీ లేవు, సర్దుకుపోయి ఉన్నాయి. సర్దుకుపోవడాన్ని ఆరోగ్యం అనగలమా? అరుగు మీద నవ్వే ఆ మనుషులే సెలైను ఎక్కించుకుంటూ గోడవైపు తిరిగి పడుకుంటున్నారని ఆర్‌ఎంపీ చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. సిగ్గు తగ్గింది, నిజమే. దానితోపాటు రేపటి మీద ఆశ కూడా తగ్గింది.

ఆ సిగ్గు పూర్తిగా పోయిందా అంటే అదీ లేదు. ఒకరి మీద నుంచి మరొకరి మీదికి మారింది. కొంత భాగం పని ఉన్న మా తమ్ముడి మీద పడింది. ఇంకొంత పేట పేరు మీద పడింది. మా వీధిలో ఒక కుర్రవాడికి మందుల దుకాణంలో స్థిరమైన పని ఉంది. వాయిదాల మీద బండి కొనబోతే ఒక ఫైనాన్సు సంస్థవాళ్ళు జీతం కాగితాలు చూసి సరేనని, చిరునామా చూశాక ‘నెగటివ్ ఏరియా’ అని తిప్పి పంపారు. పెళ్ళి సంబంధాల వాళ్ళు అబ్బాయి ఏం చేస్తున్నాడని అడగడానికి ముందే ఏ పేట అని అడుగుతున్నారు. అతనికి పని ఉంది, అతని వీధికి పని లేదు, కాబట్టి అతనూ ఆ లెక్కలోకే వస్తాడు.

‘ఉద్యోగం పురుష లక్షణం’ అనే మాట ఇక్కడ ఎంత చెరుపు చేసిందో చెప్పలేను. ఉద్యోగం అంటే ప్రయత్నం, పూనిక అని అసలు అర్థం. భారతంలోని ఉద్యోగ పర్వంలో ఎవరికీ కొలువు దొరకదు, యుద్ధానికి పూనుకోవడమే కనిపిస్తుంది. మనం మాత్రం దాన్ని జీతపు కొలువుగా మార్చుకుని, కొలువు లేనివాడిలో మగతనమే లేదన్నట్టు వాడుతున్నాం. అరండల్‌పేట, బ్రాడీపేట కోచింగు సెంటర్ల చుట్టూ ఉన్న గదుల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయిన పిల్లలను చూస్తే ఈ మాట ఎంత బరువైనదో తెలుస్తుంది. మన రాష్ట్రంలో 2018 తర్వాత మళ్ళీ డీఎస్సీ టీచర్ల నియామకాలు పూర్తయింది 2025లో. 16,347 పోస్టులకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు. ఆ మధ్య ఏళ్ళలో ‘ప్రిపేర్ అవుతున్నాను’ అనే మాటే వాళ్ళను కాపాడింది. అది వాళ్ళకు లేచే వేళ ఇచ్చింది, స్నేహితులను ఇచ్చింది, అడిగినవారికి చెప్పడానికి ఒక సమాధానం ఇచ్చింది. యహోదా చెప్పినవాటిలో జీతం తప్ప మిగతావన్నీ దాదాపు ఆ ఒక్క మాటలో ఉన్నాయి. మా పేటలో మిల్లు పోయిన నలభై ఏళ్ళ మనిషికి చెప్పుకోవడానికి అలాంటి మాట కూడా లేదు.

పేట వదిలి వెళ్ళడం

మరో సందేహం ఉంది. మనసు బాగోలేనివారు, అప్పుల్లో కూరుకున్నవారు అద్దె తక్కువని అలాంటి పేటలకు చేరతారు గనుక, అక్కడ దిగులు ఎక్కువ కనిపించడంలో వింతేముంది? వీధి మనిషిని పాడుచేసిందా, పాడైన మనుషులే ఆ వీధికి వచ్చారా? న్యాయమైన ప్రశ్నే. దీనికి అమెరికాలో 1994లో మొదలైన ఒక ప్రయోగం కొంతవరకు సమాధానం చెబుతుంది. బాల్టిమోర్, బోస్టన్, చికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో బాగా పేద ప్రాంతాల్లోని దాదాపు 4,600 కుటుంబాలను లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి పేదరికం తక్కువగా ఉన్న ప్రాంతాలకు మారడానికి అద్దె సాయం ఇచ్చారు. లాటరీ గనుక ఎవరు ఎక్కడికి చేరారన్న అనుమానం ఉండదు. పది పదిహేనేళ్ళ తర్వాత చూస్తే పెద్దవాళ్ళ సంపాదన పెరగలేదు. కానీ వాళ్ళలో కుంగుబాటు, మానసిక వేదన తగ్గాయి. జేబులో డబ్బు అంతే ఉండగా మనసు కుదుటపడిందంటే, చుట్టూ ఉన్న వీధి తన వంతు పని చేసిందన్నమాట.

మరి అందరూ వదిలి వెళ్ళిపోవడమేనా మార్గం? ఈ ప్రశ్న నాకు సొంత ప్రశ్న. పదకొండేళ్ళ క్రితం మేం ఆ పేట వదిలి విద్యానగర్ వైపు వచ్చాం. నాకు నిద్ర బాగా పట్టింది, ఒప్పుకోవాలి. మా అబ్బాయికి అప్పుడు పదమూడేళ్ళు. రెండేళ్ళపాటు రోజూ సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ పాత పేట మైదానానికే వెళ్ళేవాడు. కొత్త వీధిలో ఒక్క స్నేహితుడినీ చేసుకోలేదు, చదువులో వెనకబడ్డాడు, మాట తగ్గించేశాడు. అమెరికా ప్రయోగంలోనూ ఆడపిల్లలకు మేలు జరిగింది గానీ, యుక్తవయసు మగపిల్లల్లో కుంగుబాటు పెరిగిందని తర్వాత చదివినప్పుడు నాకు కన్నీళ్ళు ఆగలేదు. పేట మనిషికి భారమే, ఆసరా కూడా. అడవితక్కెళ్ళపాడు దగ్గర ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్ళకు మారిన మా పాత పొరుగింటావిడ, ఇల్లు బాగుందనీ, నీళ్ళు వస్తున్నాయనీ చెప్పి, "పనికి పిలిచే మనుషులు మాత్రం అక్కడే ఉన్నారమ్మా" అంది. కాబట్టి మనుషులను కదిలించడం కంటే, మనుషులున్న చోటికి పనిని తేవడమే దారి అని నేను అనుకుంటున్నాను.

లెక్కలో లేని వీధి

ఇదంతా ప్రభుత్వాలకు కనబడకపోవడానికి ఒక కారణం మనం లెక్కపెట్టే తీరు. శ్రామిక శక్తి సర్వేలో వారపు లెక్క ప్రకారం, వారం మొత్తంలో ఒక్క గంట పని దొరికినా ఆ మనిషి ఉద్యోగి కిందే లెక్క. అడ్డా మీద నాలుగు రోజులు నిలబడి ఐదో రోజు అరపూట పని దొరికిన తాపీ కూలీ ఆ పట్టికలో నిరుద్యోగి కాడు. మానసిక ఆరోగ్యానికి వస్తే, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే 12 రాష్ట్రాలకే పరిమితమైంది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ సర్వేలో వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందనీ, వాళ్ళలో ఎక్కువమంది వైద్యానికే వెళ్ళడం లేదనీ తేలింది. 2022లో దేశంలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో నాలుగో వంతుకు పైగా దినసరి కూలీలవి. చనిపోయిన రోజుకు వాళ్ళకు పని దొరికి ఎన్నాళ్ళయిందో ఆ పట్టిక చెప్పదు, వాళ్ళు ఏ వీధి వాళ్ళో అసలే చెప్పదు.

మాత్రలు వద్దనడం లేదు. తమ్ముడికి అవి మేలు చేశాయి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతాడు. ఈ నంబరు మా వీధిలో ఇంటింటికీ రాసి ఇచ్చాను. నేను వద్దంటున్నది మా కుర్రవాళ్ళకు ధైర్యం నూరిపోసే ఉపన్యాసాలను. లోపం మనిషిలోనే ఉందని నమ్మించే ఉపన్యాసం అతన్ని ఇంకాస్త గోడవైపు తిప్పుతుంది.

గ్రామాల్లో 2005 నాటి ఉపాధి హామీ చట్టంతో, ఎన్ని లోపాలున్నా, ఏడాదికి వంద రోజుల పని అడిగే హక్కు వచ్చింది. గుంటూరు కార్పొరేషన్ హద్దు లోపల ఉన్న కూలీకి అలాంటి హక్కు లేదు. కేరళ 2010 ప్రాంతంలోనే పట్టణాలకు అటువంటి పథకం పెట్టింది, రాజస్థాన్ 2022లో మొదలుపెట్టింది. మా పేటకు కావలసింది జూన్ నుంచి డిసెంబరు దాకా పని. కాలువల పూడిక ఉంది, బడి గోడలున్నాయి, పార్కు పేరుతో ఉన్న తుమ్మచెట్ల స్థలం ఉంది. ఖర్చు ఎక్కువని అనేవారికి ఒక సంగతి చెప్పాలి. మారియెంథాల్ ఇప్పుడు గ్రామాట్‌నొయ్‌సీడెల్ అనే ఊరిలో భాగం. అదే ఊళ్ళో 2020 అక్టోబరులో, ఏడాదికి పైగా పని లేని ప్రతి ఒక్కరికీ, ఇష్టమైతే, జీతంతో కూడిన పని ఇచ్చే ప్రయోగం మొదలైంది. వడ్రంగం, తోటపని, పాత సామాన్ల మరమ్మతు వంటి పనులు. పరిశీలించినవారికి, ఆ పనుల్లో చేరినవాళ్ళకు ఆదాయంతోపాటు రోజుకు ఒక వరస, నలుగురితో మాటామంతీ, తామూ ఒకరికి పనికివస్తున్నామన్న భావన తిరిగి వచ్చినట్టు కనిపించింది. తొంభై ఏళ్ళ క్రితం ఏవి పోయాయని అక్కడ రాసుకున్నారో, అవే.

కిందటి నెల తమ్ముడు రెండోసారి వైద్యుడి దగ్గరకు వెళ్ళాడు. ఈసారి నేను వెళ్ళలేదు, క్యారేజీ సంగతి చెప్పమని మాత్రం చెప్పాను. చెప్పాడట. ఆయన రాస్తున్న కలం ఆపి, మీ వీధిలో ఎన్ని ఇళ్ళున్నాయని అడిగారట. తమ్ముడు కళ్ళు మూసుకుని, కిళ్ళీ కొట్టు మలుపు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క ఇంటివాళ్ళ పేరూ అనుకుంటూ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి. వాటిలో ఈ నెల పనికి వెళుతున్నవాళ్ళున్న ఇళ్ళెన్ని అని ఆయన మళ్ళీ అడిగారు. ఆ లెక్కకు చాలాసేపు పట్టిందనీ, బయట ఇంకా ఏడుగురు కూర్చుని ఉన్నా ఆయన తొందరపెట్టలేదనీ తమ్ముడు నాతో చెప్పాడు.